క్రిస్మస్‌కీ సంక్రాంతికీ పంచడానికి ఇంట్లో చేసుకునే లిప్ బామ్

క్రిస్మస్ మొదలుకొని సంక్రాంతి వెళ్లేదాకా గుంటూరులో మా వీధిలో పళ్లేలు ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటాయి. ఒకరు కేకు పంపితే ఇంకొకరు అరిసెలు పంపుతారు. నా పళ్లెంలో వాటి పక్కన ఒక చిన్న డబ్బా లిప్ బామ్ కూడా ఉంటుంది. సరిగ్గా పెదవులు పగిలే రోజులు కదా! పెదవుల చర్మం చాలా పలుచన. మిగతా ఒంటికి ఉన్నట్టు దానికి నూనె ఊరదు. ఎండిపోయాయని నాలుకతో తడుపుకుంటే, ఆ తడి ఆరేటప్పుడు పెదవి ఇంకా బిగుసుకుపోతుంది. కాబట్టి పెదవికి కావలసింది పైనుంచి తడి కాదు, లోపలి తడిని బయటికి పోనివ్వని పూత.

అందుకే నేను గట్టిగా చెప్పే నియమం ఒక్కటే: లిప్ బామ్‌లో నీటి చుక్క పడకూడదు. నీళ్లు లేని చోట బూజు పెరగదు, నిలవ ఉండే మందులు కలపనక్కర్లేదు. చాలామంది బీట్‌రూట్ రసం, పన్నీరు (రోజ్ వాటర్), కలబంద గుజ్జు కలపమంటారు. దయచేసి కలపకండి. బీట్‌రూట్ ఎరుపు నీటిలో కరుగుతుందే కానీ నూనెలో కరగదు. రసం అడుగున చుక్కలుగా విడిపోతుంది, కొద్ది రోజులకే చెడిపోతుంది. మనం ఇచ్చిన వస్తువు ఒకరి నోటికి తగులుతుంది, ఈ జాగ్రత్త తప్పదు. తేనె కూడా నూనెలో కలవదు, విడిపోతుంది.

రంగు కావాలంటే మూలికల దుకాణంలో రతన్‌జోత్ అడగండి. ఊదా రంగులో ఎండు బెరడులా కనిపించే వేరు అది. దాని ఎరుపు నూనెలోకే దిగుతుంది. ఒక చెంచాడు ముక్కలు గోరువెచ్చని కొబ్బరినూనెలో వేసి అరగంట ఉంచితే నూనె దానిమ్మ రంగుకు తిరుగుతుంది. పలుచని పొడి గుడ్డలో వడగట్టండి. సువాసనకు నాలుగు యాలకులు కచ్చాపచ్చాగా దంచి, వడగట్టక ముందే అదే నూనెలో వేస్తాను. నిమ్మ నూనె, దాల్చినచెక్క నూనె వద్దు. పెదవులు మండుతాయి. నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలే ప్రమాదం కూడా ఉంది.

పది గ్రాముల డబ్బాలు పది నిండాలంటే తేనెమైనం 25 గ్రాములు, కొబ్బరినూనె 50 గ్రాములు, ఆముదం 25 గ్రాములు కావాలి. చెంచాలతో కొలవకండి, చిన్న త్రాసు మీద తూచండి. కొబ్బరినూనె వంటకు వాడేదే తీసుకోండి, తలకు రాసుకునే సువాసన నూనె కాదు. ఆముదం కూడా దీపానికి వాడేది కాకుండా, లోపలికి తీసుకోదగిన శుద్ధమైనది చూసుకోండి. పెదవి మీద మెరుపు నిలిచేది దానివల్లే. తేనెమైనం పేరుతో కొవ్వొత్తుల మైనం అంటగట్టేవాళ్లుంటారు. అసలుదానికి సన్నటి తేనె వాసన ఉంటుంది.

మైనాన్ని కొబ్బరికోరులా తురిమి, నూనెలతో కలిపి చిన్న స్టీలు గిన్నెలో వేయండి. ఆ గిన్నెను వేడినీళ్లున్న వెడల్పు గిన్నెలో దించి సన్నని సెగ మీద ఉంచండి. నేరుగా మంట మీద పెట్టవద్దు. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీలకే కరుగుతుంది, మైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. అందుకని తొందరపడకుండా, పొడి చెంచాతో మెల్లగా తిప్పుతూ ఉండండి. ఆవిరి చుక్కలు లోపల పడకుండా చూడండి. గిన్నె పైకి తీయగానే అడుగుభాగం గుడ్డతో తుడవండి. డబ్బాల్లో పోసేటప్పుడు అడుగునుంచి జారే నీళ్లే చాలాసార్లు కొంప ముంచుతాయి.

పోసే ముందు గట్టిదనం చూడాలి. అరిసెల పాకాన్ని నీళ్లలో వేసి చూసినట్టే, ఇక్కడ ఫ్రిజ్‌లో పెట్టిన పొడి చెంచా మీద ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి. వేలితో రుద్దితే కాస్త ఆగి జారాలి. గీకితే తప్ప రాకపోతే నూనె కలపండి, వెంటనే కరిగిపోతే మైనం కలపండి.

అన్ని డబ్బాలకూ ఒకే పాళ్లు పెట్టడం నాకు నచ్చదు. ఢిల్లీలో ఉన్న మా ఆడపడుచుకు మైనం 20 గ్రాములకు తగ్గించి, ఆ మేరకు కొబ్బరినూనె పెంచుతాను. అక్కడి చలికి ఎక్కువ మైనం వేస్తే రాయిలా అవుతుంది. మామయ్యకూ, ఆయనతో పొలంలో మిరప కోతకు వచ్చేవాళ్లకూ డబ్బాలో అసలు ఇవ్వను. మిరపకాయలు కోసిన వేలు డబ్బాలో ముంచి పెదవికి రాస్తే మంటే మంట. వాళ్లకు అడుగు తిప్పితే పైకి లేచే గొట్టాల్లో, మైనం 30 గ్రాములు వేసి, రంగూ వాసనా లేకుండా పోస్తాను. వేలు తగలకుండా రాసుకోవచ్చు, చొక్కా జేబులో ఎండకు త్వరగా కరగదు కూడా.

డబ్బాలు కడిగి ఎండలో బాగా ఆరనిచ్చినవై ఉండాలి. పోశాక మూత పెట్టకుండా పైన కాగితం కప్పి చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెడితే నడుమ బీటలు వారుతుంది. గుంట పడితే మిగిలిన బామ్ కరిగించి పైన కాస్త పోయండి.

మెత్తగా పొడి చేసిన చక్కెర రెండు వంతులు, కొబ్బరినూనె ఒక వంతు కలిపితే పెదవుల మీద పొట్టు తీసే నలుగు తయారవుతుంది. పగిలి రక్తం వచ్చే పెదవికి మాత్రం అది వాడకూడదని ఇచ్చేటప్పుడే చెప్పండి.

డబ్బా అడుగున కలిపిన వస్తువులన్నీ, చేసిన తేదీ, ‘ఆరు నెలల్లో వాడండి’ అనీ రాసి అతికించండి. కొందరికి తేనెమైనం పడదు, పేరు చూస్తే వాళ్లే పక్కన పెడతారు. దూరం పంపేటప్పుడు మూత చుట్టూ టేపు వేయండి.

చివరికి గిన్నె సంగతి. వేడిగా ఉండగానే పాత గుడ్డతో తుడిచేయండి. సింకులో పోస్తే మైనం గొట్టంలో గడ్డకట్టి నీళ్లు పోవు. ఆ గుడ్డ పారేయకండి, రాత్రి పడుకునే ముందు పగిలిన మడమలకు రుద్దుకోవచ్చు.