పాఠం 4: పెట్టెలో వచ్చిన డెక్‌ని మార్చకుండా ఆడి చూడటం

పోయిన పాఠంలో మార్వెల్ ఛాంపియన్స్ అనే కార్డుల ఆటని టేబుల్ మీద ఎలా పరుచుకోవాలో చూశాం కదా, ఈసారి స్పైడర్ మ్యాన్ డెక్ తీసుకుని ఒక్కరే రైనో అనే విలన్ మీద ఆడదాం. 2019లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వాళ్ళు తెచ్చిన బేస్ బాక్స్‌లో ఉన్న జస్టిస్ (కార్డుల్లో ఒక రకం పేరు) డెక్కే, 40 కార్డులు, అందులో 15 స్పైడర్ మ్యాన్ సొంతవి. ఒక్క కార్డు కూడా మార్చొద్దు. ఆన్‌లైన్‌లో చూసి "ఇది వేస్ట్, అది తీసెయ్" అని మొదలెట్టేస్తే ఏ కార్డు దేనికుందో ఎప్పటికీ తెలీదు.

కార్డులకి స్లీవ్స్ (ప్లాస్టిక్ తొడుగులు) వేసుకోండి, మన వైజాగ్ గాలికి బీచ్ రోడ్ వైపు ఇళ్ళలో అయితే కార్డులు అంచుల దగ్గర వంగిపోతాయి. ఆర్కే బీచ్ నుంచి తెచ్చుకున్న మురీ మిక్చర్ తింటూ ఆడటం మాత్రం వద్దు బాబూ.

సరే, ఆట. హీరో కార్డుకి ఒక వైపు మామూలు మనిషి పీటర్ పార్కర్, రెండో వైపు స్పైడర్ మ్యాన్. మొదలయ్యేది పీటర్ పార్కర్ వైపు, చేతిలో 6 కార్డులు. నచ్చనివి ఒక్కసారి పక్కన పెట్టి కొత్తవి తీసుకోవచ్చు, మొహమాటపడకుండా తీసుకోండి. అలా వచ్చిన చేయి ఇదీ అనుకుందాం: వెబ్ షూటర్, స్వింగింగ్ వెబ్ కిక్, బ్యాక్‌ఫ్లిప్, ఫర్ జస్టిస్, డేర్‌డెవిల్, జీనియస్. మా మేనల్లుడికి ఇదే చేయి ఇస్తే వాడి కన్ను ఫస్టు డేర్‌డెవిల్ మీదే పడింది, కాస్ట్ చూసి "ఏటి మావయ్యా, నాలుగు రిసోర్సులా" అన్నాడు, అయినా వదల్లేదు, మిగతా కార్డులన్నీ ఖర్చు పెట్టి అయినా దింపేస్తానంటాడు. ఆగరా అన్నాను.

ఈ ఆటలో డబ్బులు వేరే ఉండవు, చేతిలో కార్డే డబ్బు. ఒకటి ఆడాలంటే ఇంకోటి పారేయాలి. కాబట్టి ఊరికే వచ్చే రిసోర్స్ ఎక్కడుందా అని ముందు చూసుకోవాలి. పీటర్‌కి రౌండుకి ఒకసారి ఒక మెంటల్ రిసోర్స్ (రిసోర్సుల్లో ఒక రకం) ఫ్రీగా వస్తుంది, కానీ స్పైడర్ మ్యాన్‌గా మారాక రాదు. అందుకే మారకముందే దాంతో వెబ్ షూటర్ దించేయండి, కాస్ట్ 1, చేతిలోంచి ఇంకేమీ పోదు. ఇప్పుడు కార్డు తిప్పి స్పైడర్ మ్యాన్ అవండి. వెబ్ కిక్‌కి 3 కావాలి: వెబ్ షూటర్ నుంచి ఒకటి, జీనియస్ ఒక్క కార్డే పారేసినా రెండు, సరిపోయింది. 8 డ్యామేజ్. పైన మామూలు ఎటాక్ 2. ఒక్కరే ఆడితే రైనోకి మొదటి దశలో 14 లైఫ్, మొదటి టర్న్‌లోనే 4కి వచ్చేశాడు.

చేతిలో మూడు మిగిలాయి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే, ఖరీదైన కార్డు కదా అని డేర్‌డెవిల్‌ని పట్టుకుని కూర్చుంటారు. పారేయండి. టర్న్ చివర వద్దనుకున్నవి పారేసి మళ్ళీ 5 దాకా నింపుకోవచ్చు, డెక్ తిరిగినప్పుడు వాడే వస్తాడు. బ్యాక్‌ఫ్లిప్ మాత్రం ప్రాణం పోయినా ఖర్చు పెట్టొద్దు. కాస్ట్ సున్నా, ఒక ఎటాక్ మొత్తం డ్యామేజ్ ఆపేస్తుంది. పైగా విలన్ మీ మీదకి రాగానే స్పైడర్ సెన్స్ వల్ల ఒక కార్డు తీస్తారు, డిఫెండ్ చేయాలా వద్దా అని తేల్చుకునేది ఆ కార్డు చూశాకే, అంటే అప్పుడే తీసిన బ్యాక్‌ఫ్లిప్‌ని అక్కడికక్కడే వాడొచ్చు. చార్జ్ అనే కార్డు రైనోకి జోడైందంటే 2 ఎటాక్ కాస్తా 5 అవుతుంది, బూస్ట్ (విలన్ బలానికి అదనంగా కలిసే కార్డు) వేరే, మీకున్న లైఫేమో 10.

ఇక మళ్ళీ పీటర్‌గా ఎప్పుడు మారాలి? లైఫ్ 4 దగ్గరికొచ్చి, స్కీమ్ (విలన్ పన్నాగం కార్డు) మీద థ్రెట్ (అది ఎంత ముందుకెళ్ళిందో చూపే లెక్క) తక్కువుంటే మారండి. రికవర్‌కి (కోలుకోవడానికి) 3, ఆంట్ మే కార్డు ముందే దిగి ఉంటే ఇంకో 4, మొత్తం 7 తిరిగొస్తుంది, చేతికి కూడా 6 కార్డులు. కానీ ఒక్కరే ఆడితే స్కీమ్ 7కి చేరితే ఆట ఓడినట్టే, రౌండుకి ఎలాగూ 1 పెరుగుతుంది, మీరు పీటర్‌గా ఉన్నారంటే రైనో కొట్టడం మానేసి ఇంకో 1, దాని మీద బూస్ట్ కూడా పెడతాడు. థ్రెట్ 4 దాటితే ముందు స్పైడర్ మ్యాన్‌గానే ఉండి ఫర్ జస్టిస్ ఆడండి, 3 తీస్తుంది.

ఎవిక్షన్ నోటీస్ (ఇల్లు ఖాళీ చెయ్యమనే నోటీసు) అనే కార్డు వస్తే కంగారు పడకండి, పీటర్‌గా మారి ఆ టర్న్ అతన్ని అలసిపోయినట్టు పక్కకి తిప్పితే ఆ కార్డు ఆటలోంచే పోతుంది. ఎంవీపీ కాలనీలో అద్దెకుండేవాళ్ళకి దీని గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు!

వచ్చే పాఠం లోపు ఇదే డెక్ ఇదే రైనో మీద ఆడండి, ప్రతి ఆటలో డబ్బుగా పారేసిన కార్డుల పేర్లు ఓ కాగితం మీద రాసుకోండి. ఎప్పుడూ ఆడకుండా పారేస్తూ వచ్చినవేవో ఆ లిస్టులో కనపడతాయి, పాఠం 5లో ముందు వాటి సంగతే చూద్దాం.