నా ప్రోగ్రాంలో 61 ఎందుకు తప్పిపోయింది

కావలిలో మా ఇంట్లో ఒక సాయంత్రం, ఇంటర్ చదివే మా అబ్బాయికి చూపిద్దామని సి భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. 2ని ఏదో ఒక ఘాతానికి పెంచి (2⁵ లాగా) 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను, అంటే మెర్సెన్ ప్రధానాలను, లూకాస్-లేమర్ అనే పరీక్షతో పట్టుకోవాలి. 3, 5, 7, 13, 17, 19, 31 ఘాతాలు చకచకా వచ్చాయి. (2కి ఈ పరీక్ష పనిచేయదు, దాన్ని విడిగా చూసుకోవాలి.) తర్వాత ఖాళీ.

"నాన్నా, 61 ఏది?" అన్నాడు వాడు.

2⁶¹−1 ప్రధాన సంఖ్యేనని రష్యన్ గణితవేత్త పెర్వూషిన్ 1883లోనే తేల్చాడు. ఈ సంఖ్యలకు పేరిచ్చిన ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితాలోనూ 61 లేదు. కానీ మెర్సెన్ దగ్గర కంప్యూటర్ లేదు, నా దగ్గర ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

పొద్దున్నే 2⁵−1, అంటే 31ని కాగితం మీద చేసి చూశాను. 4తో మొదలు. వర్గం చేసి 2 తీసేస్తే 14. మళ్ళీ చేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఇంకోసారి చేస్తే 62, శేషం సున్నా. సున్నా వస్తే ప్రధాన సంఖ్యే. పద్ధతిలో తప్పు లేదు.

తప్పు వర్గం దగ్గర ఉంది. 61 బిట్ల (0, 1 అంకెల) సంఖ్యను వర్గం చేస్తే 122 బిట్ల దాకా పోతుంది. నేనిచ్చిన చోటు 64 బిట్లు. మిగిలిందంతా చప్పుడు లేకుండా రాలిపోయింది, ఎర్రర్ కూడా చూపలేదు!

గుణకారానికి మాత్రం 128 బిట్ల రకం పెట్టాను, 61 వచ్చేసింది. 89కి అదీ చాలదు. పూర్ణసంఖ్యలకు బిట్ల హద్దు లేని పైథాన్ భాషలో తిరగరాస్తే 89, 107, 127 కూడా వచ్చాయి. మావాడు వాటిని నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాడు.