ఎన్ఎంఎంఎస్‌కి సెలెక్ట్ అయ్యారా? డబ్బు పడాలంటే ఇంకా పని ఉంది

మా అక్క కూతురు ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి సెలెక్ట్ అయితే వీధంతా స్వీట్లు పంచారు, ఏడాది గడిచినా రూపాయి పడలేదు. నెట్ సెంటర్ అతనొకడు పదిహేనొందలిస్తే పైనుంచి రిలీజ్ చేయిస్తా అన్నాడంట. చూస్తే ఆగింది పైన కాదు, మా ఊరి బ్యాంకులోనే.

తెలీనోళ్ళ కోసం గబగబా చెప్పేస్తా. ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష ఇది, గవర్నమెంటు, జడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకి మాత్రమే, గురుకులం, నవోదయ, కేంద్రీయ విద్యాలయం పిల్లలకి లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000. పరీక్షకి అప్లికేషన్ హెచ్ఎం గారి లాగిన్‌లోంచే వెళ్తుంది, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ముందే తీయించుకుంటే పెద్ద తిప్పలేం ఉండవు.

తిప్పలన్నీ లిస్టులో పేరు వచ్చాకే. పేరు వచ్చింది కదా, డబ్బు అదే పడుద్ది అనుకుంటారు, పడదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఓటీఆర్ నంబర్, అంటే ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్ నంబర్, తీసుకుని మళ్ళీ అప్లై చెయ్యాలి, దీనికి ఫీజు లేదు. ఆ ఫారం స్కూల్లో ఒకసారి, జిల్లాలో ఒకసారి వెరిఫై అవ్వాలి, మధ్యలో ఆగితే మనల్ని పిలిచి చెప్తారని నమ్ముకోకండి, లాస్ట్ డేట్‌లోపు స్టేటస్ మీరే చూస్కోండి. లిస్టులో పేరూ ఆధార్‌లో పేరూ ఒకేలా ఉండాలి, ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ముందే హెచ్ఎం గారికి చెప్పండి.

ఇక అసలు గొడవ బ్యాంకు. మా పిల్ల పాస్‌బుక్ మీద ఆధార్ నంబర్ పెన్నుతో రాసి కూడా ఉంది, కౌంటర్‌లో అడిగితే "లింక్ అయిందమ్మా" అన్నారు. నిజమే, లింక్ అయింది, కానీ అది కేవైసీ లింకు, అంటే అకౌంట్ ఎవరిదో గుర్తించడానికి మాత్రమే. స్కాలర్‌షిప్ లాంటి గవర్నమెంటు డబ్బు నేరుగా అకౌంట్‌లో పడాలంటే (దీన్నే డీబీటీ అంటారు) ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థలో, సీడింగ్ అవ్వాలి, అంటే ఈ ఆధార్‌కి వచ్చే డబ్బు ఫలానా అకౌంట్‌లో వెయ్యాలని నమోదవ్వాలి, రెండూ వేరు. ఆధార్ సైట్‌లో పిల్ల నంబర్‌తో లాగిన్ అయ్యి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఇన్‌యాక్టివ్ అని వచ్చింది, ఇది చూడ్డానికి ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ అయ్యుండాలి. అప్పుడు మళ్ళీ వెళ్ళి "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ ఫారం ఇవ్వండి" అని ఆ మాటే పట్టుకుని అడిగితే అప్పుడు చేశారు. బ్యాంకులో పని అవ్వకపోతే పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకులో అకౌంట్ తీసినా సరిపోద్ది. ఇంకోటి, చివరగా ఏ అకౌంట్‌కి సీడ్ చేస్తే డబ్బు దాన్లోకే పోతుంది, కాబట్టి ఆ తర్వాత ఎవరో ఫ్రీ అకౌంట్ అంటే పిల్ల ఆధార్ ఇచ్చి వేలిముద్ర వేయించకండి. స్కాలర్‌షిప్ ఆఫీసు నుంచి అంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి, వాడు ఎవడైనా సరే.

ఒక్కసారి పడింది కదా అని వదిలేయొద్దు, రెన్యువల్ ప్రతి ఏడాదీ చెయ్యాలి. పదో తరగతిలో 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 55. ఇంటర్‌కి ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తే మాత్రం ఆగిపోద్ది, సీటు మాట్లాడుకునే ముందే ఈ లెక్క కూడా వేసుకోండి.