పట్నంలో కలిసిపోయిన పాత తాలూకా చరిత్ర రాయడం ఎలా?

పాలమూరు, నల్లగొండ జిల్లాల ఉత్తరపు అంచు ఇప్పుడు హైదరాబాద్ శివారుగా మారిపోయింది. షాద్‌నగర్, కొత్తూరు, ఆమనగల్లు, కడ్తాల్ 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లాను విడిచి రంగారెడ్డి జిల్లాలో చేరాయి. అదే రోజున చౌటుప్పల్, బీబీనగర్, పోచంపల్లి నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి. ఈ ప్రాంతపు చరిత్ర రాయాలనుకునేవారు చాలామంది కాకతీయులతో మొదలుపెట్టి, శాసనాలూ గుడులూ ముగించి, రియల్ ఎస్టేట్ దగ్గరకు వచ్చేసరికి ఒక్క పేరాతో సరిపెడతారు. నా సలహా దీనికి పూర్తిగా భిన్నమైనది. ఊరిని చివరిసారిగా మార్చిన ప్రభుత్వ ఉత్తర్వును ముందుగా సంపాదించి, అక్కడి నుంచి వెనక్కి నడవాలి.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో ఇంగ్లండ్‌లోని ఒక గ్రామీణ జిల్లా కథలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 1894 చట్టంతో రూరల్ డిస్ట్రిక్టులనే పాలనా విభాగాలు ఏర్పడ్డాయి. 1974 ఏప్రిల్ 1 నాటికి మిగిలినవన్నీ రద్దయ్యాయి. లండన్‌కు వాయవ్యంగా ఉన్న హెండన్ రూరల్ డిస్ట్రిక్టు మాత్రం అంతకాలం నిలవలేదు. పిన్నర్, స్టాన్‌మోర్, హారో వీల్డ్, ఎడ్జ్‌వేర్ వంటి ఊళ్లతో కూడిన ఆ జిల్లాలోకి మొదట రైలు వచ్చింది (పిన్నర్‌కు 1885లోనే), ఆ తరువాత రైలు కంపెనీయే పట్టాల పక్కన ఇళ్ల స్థలాలు అమ్మడం మొదలుపెట్టింది. 1924లో ఎడ్జ్‌వేర్‌కు ట్యూబ్ (భూగర్భ) రైలు చేరింది. 1931లో ఎడ్జ్‌వేర్ హెండన్ పట్టణంలో కలిసింది, 1934లో మిగతా ఊళ్లు హారో పట్టణంలో కలిసి జిల్లాయే రద్దయింది, 1965లో ఆ హారో కూడా లండన్ మహానగరంలో ఒక బరోగా (స్థానిక పాలనా విభాగంగా) మారింది. ఇందులో గమనించదగిన విషయం ఒకటుంది. హెండన్ పేరు పెట్టుకున్న ఆ గ్రామీణ జిల్లాలో హెండన్ ఊరే లేదు. అది అప్పటికే వేరే పట్టణ పరిధి. రద్దు తేదీ, ఆ రోజున ఏ ఊరు ఎటు వెళ్లిందనే వివరం చేతిలో ఉంటేనే ఇలాంటి చిక్కుముడి విడుతుంది.

మన దగ్గరా అదే పరిస్థితి. పట్టణాన్ని అందరూ షాద్‌నగర్ అంటారు, మండలం పేరు ఫరూఖ్‌నగర్. పాత కాగితాలలో షాద్‌నగర్ తాలూకా కనిపిస్తుంది. 1959లో జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించిన చోటుగా షాద్‌నగర్ సమితి కనిపిస్తుంది. తాలూకా రెవెన్యూ విభాగం, సమితి అభివృద్ధి విభాగం. ఈ రెండింటి సరిహద్దులూ ఒకటేనని ముందే అనుకోకూడదు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి, 1986 చట్టంతో సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. అందుచేత మొట్టమొదట తయారుచేయవలసినది ఒక పట్టిక: ఎడమవైపు ప్రతి రెవెన్యూ గ్రామం పేరు, దాని ఎదురుగా 2016 తరువాత, 1985 తరువాత, అంతకుముందు అది ఏ జిల్లా, ఏ మండలం, ఏ తాలూకా కింద ఉండేదో. 2016 నాటి ఉత్తర్వుల అనుబంధాలలో ఏ మండలంలో ఏ రెవెన్యూ గ్రామాలున్నాయో పేర్లతో సహా ఉన్నందువల్ల అక్కడి నుంచి మొదలుపెట్టడం తేలిక. గ్రామ పంచాయతీ, రెవెన్యూ గ్రామం, శివారు పల్లె అనే మూడింటినీ కలిపేయకండి. 2018లో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి కానీ, భూమి రికార్డులలో అవి ఇంకా పాత రెవెన్యూ గ్రామం కిందే ఉంటాయి.

ఆ పట్టికకు అంకెలు కావాలంటే జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు చూడాలి. 1951 నుంచి ఊరి వారీ వివరాలు దొరుకుతాయి, చాలావాటి నకళ్లు జనగణన శాఖ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానంలో లెక్కలు 1881లోనే మొదలయ్యాయి. అయితే పాత సంపుటాలలో తాలూకా స్థాయికి మించి వివరం ఆశించకపోవడమే మంచిది.

అసలు సరుకు భూమి కాగితాలలో ఉంటుంది. సేత్వార్ మొదటి సర్వే నాటి మూల రిజిస్టరు. పహాణీ అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి రికార్డు; 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికీ కోర్టులలో చూపిస్తారు. ఆ తరువాతివి చెసలా పహాణీ, ఏటా రాసిన పహాణీలు. వీటి నకళ్ల కోసం తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. మీ మండలం వేరే మండలం నుంచి విడిపోయినదైతే పాత దస్తాలు ఆ పాత కార్యాలయంలోనే ఉండిపోయే అవకాశం ఉంది కాబట్టి రెండు చోట్లా అడగండి. కాగితం లేదని నోటిమాటగా చెప్తే అక్కడితో వెనుదిరగకుండా సమాచార హక్కు కింద దరఖాస్తు ఇవ్వండి. మండల స్థాయిలో 5 రూపాయలు, పై కార్యాలయాలలో 10 రూపాయల రుసుము, గ్రామ స్థాయిలో అదీ లేదు, జవాబుకు గడువు 30 రోజులు. పాత రికార్డులు ఉర్దూలో, అదీ గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఉర్దూ చదవడం నేర్చినా ఈ రాత వెంటనే పట్టుబడదు. ముందుతరం దస్తావేజు లేఖరి ఒకరు పక్కన కూర్చుంటే పని సులువవుతుంది. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: 1358 ఫసలీ అంటే 1948-49.

పహాణీ చదివేటప్పుడు యజమాని పేరు దగ్గరే ఆగిపోకండి. ఖుష్కి (మెట్ట), తరి (మాగాణి), ఇనాం (మాన్యం), శిఖం (చెరువు మునక భూమి), పోరంబోకు (సాగుకు ఇవ్వని ప్రభుత్వ భూమి) అనే వర్గీకరణను సర్వే నంబరు వారీగా రాసుకుని, గ్రామ నక్షా (పటం)పై రంగులు వేసి చూడండి. ఊరికి ఏ వైపున తరి ఉందో, చెరువు తూము ఎక్కడుందో, ఆయకట్టు ఎంతవరకు పారేదో కళ్లముందుకు వస్తుంది. ఇప్పుడు అదే నక్షాను ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టండి. శిఖం నంబర్లలో లేఅవుటు రోడ్లు కనిపిస్తే మీ పుస్తకంలో అతి ముఖ్యమైన అధ్యాయం దొరికినట్టే; దానిని ఆరోపణగా కాకుండా నంబరు, విస్తీర్ణం, సంవత్సరంతో రాయండి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు కూడా తెచ్చుకోవాలి. షాద్‌నగర్ పరిసరాలు 56 కె శ్రేణిలో, నల్లగొండ 56 ఓలో, మహబూబ్‌నగర్ 56 హెచ్‌లో ఉంటాయి.

ఊరు ఏ సంవత్సరంలో శివారుగా మారిందో చెప్పడానికి మున్సిపాలిటీ ఏర్పడిన తేదీ నమ్మదగినది కాదు, అది ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన 2008ని పట్టుకుని అందరూ రాస్తారు, అదీ సగం నిజమే. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయపు ఈసీలు (ఒక భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలు) ఇంతకంటే నికార్సైన సాక్ష్యం. 1983 నుంచి కంప్యూటరులో చూడవచ్చు. ఒక సర్వే నంబరు తీసుకుని అమ్మకాలను వరుసగా చదవండి. మొదటి పేజీలలో విస్తీర్ణం ఎకరాలు, గుంటలలో ఉంటుంది. ఒక దశకు వచ్చేసరికి అదే నంబరులో 200 గజాలు, 150 గజాలు అని కనిపించడం మొదలవుతుంది. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840 గజాలు. రైతు గుంటలలో అమ్మిన భూమి గజాలలో చేతులు మారిన ఏడాదే ఆ పొలం ఊరిని విడిచిన ఏడాది. ఇలా ఒక్కో ఊరికి నాలుగైదు నంబర్లు పరిశీలిస్తే రోడ్డు పక్క ఊరికీ లోపలి ఊరికీ మధ్య ఎన్నేళ్ల తేడా ఉందో తేలుతుంది.

అయితే కాగితం పట్టాదారునే చూస్తుంది. దున్నినవాడు, నీళ్లు కట్టినవాడు, వలస పోయినవాడు అందులో ఉండరు. కాబట్టి పటేల్, పట్వారీల ఇళ్లకే పరిమితం కాకుండా నీరటి (చెరువు నీళ్లు పారించేవారు), మస్కూరి (గ్రామ సేవకులు) కుటుంబాలను తప్పక కలవండి. ఏ తూము ఎప్పుడు ఎత్తేవారు, ఏ కాలువ మీద ఏ ఊరితో తగవు ఉండేది, బోనాలు ఏ దారిన వెళ్లేవి, బొడ్రాయి ఎక్కడుండేది, పోచమ్మ గుడి ఏ ప్రహరీ లోపలికి వెళ్లింది అని అడగండి. ‘పాత రోజులు ఎట్లుండె’ అని అడిగితే అందరూ మంచిగుండె అనే అంటారు. పలానా సర్వే నంబరు అంచున ఏ చెట్టుండె అని అడిగితే మాట నడుస్తుంది. చెప్పినవారి పేరు అచ్చు వేయడానికి అనుమతి తీసుకోండి. భూమి తగవులు కోర్టులో ఉన్నచోట పేరు లేకుండానే రాయడం మంచిది.

దివానీ (నేరుగా ప్రభుత్వం కింద ఉన్న) ఊళ్లకు, జాగీరు (జాగీర్దారు కింది) లేదా సర్ఫేఖాస్ (నిజాం సొంత) ఊళ్లకు రికార్డులు ఒకే తీరుగా ఉండవు. 1949లో జాగీర్లు రద్దై, సర్ఫేఖాస్ దివానీలో కలిసిన తరువాతే ఆ తేడా చెరిగింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్‌బల్దా ఊళ్లు నిజాం సొంత ఆస్తి కావడంతో వాటి పాత కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లవలసి ఉంటుంది. వెళ్లేముందు ఊరి పేరు, తాలూకా, ఫసలీ సంవత్సరం ఒక చీటీపై రాసి పెట్టుకోండి, వట్టి ఊరి పేరుతో అక్కడ ఏదీ దొరకదు.

రాసేటప్పుడు అధ్యాయాలను రాజవంశాల వారీగా కాక ఊళ్ల వారీగా విభజించండి. ప్రతి ఊరికి ఒక నక్షా, దానిపై పాత సర్వే నంబర్లు, వాటి కింద నేటి కాలనీల పేర్లు వేయండి. ఆమనగల్లు, కడ్తాల్ వైపువారు ఈ పనిని వాయిదా వేయకూడదు. 2025లో ప్రకటించిన ఫ్యూచర్ సిటీ (ప్రభుత్వం తలపెట్టిన కొత్త నగరం) పరిధిలోని ఏడు మండలాలలో ఆ రెండూ ఉన్నాయి. అక్కడ ఇప్పటికీ చాలా నంబర్లు గుంటలలోనే ఉన్నాయి, చెప్పగలిగినవారూ ఊళ్లోనే ఉన్నారు.