మైక్రోకంట్రోలర్‌ను రీసెట్ చేసింది వాచ్‌డాగేనా? కనిపెట్టడం ఎలా?

మా ఇంట్లో ట్యాంకు మోటర్‌ను నడిపే బోర్డు రోజుకు రెండు మూడుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. కరెంటు ఊగిసలాటే కారణమనుకుని నెల రోజులు పవర్ సప్లై మీదే పడ్డాను, కెపాసిటర్లు మార్చాను. తప్పు అక్కడ లేదు. ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోతుంటే వాచ్‌డాగ్ టైమర్ (గడువులోపు ప్రోగ్రాం పలకరించకపోతే చిప్‌ను మళ్లీ మొదలుపెట్టే, చిప్‌లోపలి కాపలా గడియారం) చిప్‌ను రీసెట్ చేస్తోంది. ఆ సంగతి చిప్ ప్రతిసారీ రాసిపెడుతూనే ఉంది, నేనే చదవలేదు.

నా బోర్డులో ఉన్న మైక్రోకంట్రోలర్ చిప్ ఆర్డుయినో ఊనోలో వాడే ఏటీమెగా328పీ. దాన్నే తీసుకుందాం.

1. ప్రోగ్రాం మొదలవగానే, రీసెట్ ఎందుకు జరిగిందో చిప్ రాసిపెట్టే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్‌ను ఒక వేరియబుల్‌లోకి కాపీ చేయండి. డబ్ల్యూడీఆర్ఎఫ్ బిట్ 1 అయితే వాచ్‌డాగ్, బీఓఆర్ఎఫ్ అయితే వోల్టేజ్ పడిపోవడం, ఈఎక్స్‌టీఆర్ఎఫ్ అయితే రీసెట్ బటన్, పీఓఆర్ఎఫ్ అయితే అప్పుడే పవర్ వచ్చిందని అర్థం.

2. వెంటనే ఆ రిజిస్టర్‌లో సున్నా రాయండి. లేకపోతే వాచ్‌డాగ్ బిట్ అలాగే ఉండిపోయి, తర్వాత మీరు బటన్ నొక్కినా వాచ్‌డాగే అనిపిస్తుంది.

3. ఆ తర్వాతే వాచ్‌డాగ్‌ను ఆపండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. డబ్ల్యూడీఆర్ఎఫ్ 1గా ఉన్నంతసేపూ ఈ చిప్‌లో వాచ్‌డాగ్ ఆగదు. పైగా రీసెట్ తర్వాత సుమారు 16 మిల్లీసెకన్ల అతి చిన్న గడువుతో నడుస్తూ ఉంటుంది. మీ సెటప్ పూర్తయ్యేలోపే మళ్లీ రీసెట్, మళ్లీ రీసెట్. అందుకే ఈ మూడు పనులూ మెయిన్ కంటే ముందు నడిచే ఇనిట్3 సెక్షన్‌లో పెట్టండి. అప్పటికి గ్లోబల్ వేరియబుల్స్‌ను సున్నా చేయడం ఇంకా జరగదు. కాబట్టి కాపీని నోఇనిట్ సెక్షన్‌లో (మొదట్లో సున్నా చేయకుండా వదిలేసే మెమరీ భాగంలో) ఉంచకపోతే మీరు దాచిన విలువ కాసేపట్లో తుడిచిపెట్టుకుపోతుంది.

బూట్‌లోడర్ (యూఎస్‌బీ ద్వారా ప్రోగ్రాం ఎక్కించుకోవడానికి చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం) ఉంటే అది మీ ప్రోగ్రాం కంటే ముందే నడిచి ఈ బిట్లను చెరిపేయొచ్చు. ఊనోలో ఉండే ఆప్టిబూట్ అనే బూట్‌లోడర్ కొత్త వెర్షన్లు ఆ విలువను ఆర్2 రిజిస్టర్‌లో వదిలిపెడతాయి. మొదటి పరీక్షకు బూట్‌లోడర్ లేకుండా ప్రోగ్రామర్‌తో నేరుగా ఎక్కించడమే సుఖం.

4. మెయిన్‌లో వాచ్‌డాగ్‌ను మీకు కావలసిన గడువుతో మళ్లీ ఆన్ చేసి, కావాలనే ఒక అనంత లూప్ పెట్టి చూడండి. గడువు దాటాక డబ్ల్యూడీఆర్ఎఫ్ కనిపించాలి. బటన్ నొక్కినప్పుడు కనిపించకూడదు.

5. ఎక్కడ ఇరుక్కుందో కూడా పట్టుకోండి. నోఇనిట్‌లో ఒక బైట్ పెట్టి, సెన్సర్ చదివే ముందు 1, రిలే మార్చే ముందు 2, ఎల్‌సీడీకి రాసే ముందు 3 అని రాస్తూ పోండి. వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత ఆ అంకెను చూడండి. పవర్ పోయి వస్తే మాత్రం అందులో చెత్త ఉంటుంది, నమ్మకండి.

మరో రకం మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎం32 వాడేవాళ్లు ఆర్‌సీసీ సీఎస్ఆర్ అనే రిజిస్టర్‌లో ఐడబ్ల్యూడీజీఆర్ఎస్‌టీఎఫ్ బిట్ చూడాలి. అక్కడ వాచ్‌డాగ్ రీసెట్‌లోనూ పిన్ రీసెట్ బిట్ వెలుగుతుంది కాబట్టి పిన్‌ను చివర్లో పరిశీలించండి.

నా బోర్డులో ప్రతిసారీ 3 వచ్చింది. మోటర్ రిలే పడే క్షణంలో వచ్చే నాయిస్‌కు ఎల్‌సీడీని చిప్‌కు కలిపే రెండు తీగల ఐ2సీ లైన్ ఇరుక్కుపోతోంది. ఆ తీగలను రిలేకి దూరంగా జరిపి, ఐ2సీని నడిపే ఆర్డుయినో వైర్ లైబ్రరీలో టైమవుట్ పెట్టాను.