విభక్తి, కారకం తేడా తెలుసుకోవడం ఎలా?

బడిలో డు, ము, వు, లు అని పట్టిక మొత్తం అప్పజెప్పినవారు కూడా ఒక వాక్యం ముందు పెడితే తడబడతారు. పట్టికతో మొదలుపెట్టడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. క్రియతో మొదలుపెట్టాలి.

ఈ వాక్యం చూడండి: "యాదమ్మ తన కొల్లాపూర్ తోట నుంచి తమ్ముడికి మామిడిపండ్లు పంపింది."

ముందు క్రియను పట్టుకోండి: పంపింది. ఇక దాన్నే ప్రశ్నలు అడగండి. ఎవరు పంపారు? యాదమ్మ, కర్త. వేటిని? మామిడిపండ్లు, కర్మ. ఎవరికి? తమ్ముడికి, సంప్రదానం (ఇచ్చింది అందుకునేవారు). ఎక్కడి నుంచి? తోట నుంచి, అపాదానం. "మిర్యాలగూడలో కొడవలితో వరి కోశారు" అంటే కొడవలి కరణం (పనికి వాడిన సాధనం), మిర్యాలగూడ అధికరణం (పని జరిగిన చోటు). ఈ ఆరూ కారకాలు. 'తన' అనే మాటకు తోటతోనే సంబంధం, క్రియతో లేదు. కాబట్టి అది కారకం కాదు.

తర్వాత మాట చివర చూడండి. అక్కడ కనిపించేది విభక్తి. కారకం మాట చేసే పని, విభక్తి దాని రూపం. ఈ రెండూ ఎప్పుడూ జంటగా నడవవు. మామిడిపండ్లు కర్మే అయినా 'ను' లేదు. ప్రాణం లేనివాటికి తెలుగులో అది తరచుగా అక్కరలేదు. "తమ్ముడిని పంపింది" అన్నప్పుడు మాత్రం 'ని' తప్పదు.

అసలు చిక్కు కి, కు దగ్గర. పట్టికలో ఇవి షష్ఠిలో ఉంటాయి, చతుర్థిలో కొరకు, కై ఉంటాయి. మరి 'తమ్ముడికి' ఏ విభక్తి? షష్ఠే. సంప్రదానానికి షష్ఠి వస్తుందని చిన్నయసూరి రాసిన 1858 నాటి బాలవ్యాకరణమే చెప్పింది. "నాకు ఆకలి వేసింది" అన్నప్పుడు కూడా 'నాకు' కర్త కాదు, వేసింది ఆకలి.

ప్రత్యయం చేర్చేముందు మాట మారుతుందేమో గమనించండి: ఇల్లు ఇంటికి, ఏరు ఏటికి, చేయి చేతికి. ఇలా మాటకూ ప్రత్యయానికీ మధ్య వచ్చే టి, తి వంటివి ఔపవిభక్తికాలు.

ఇప్పుడు మీరే ప్రయత్నించండి: "సాగర్ నుంచి నీళ్లు ఎడమ కాలువలో పొలాలకు వచ్చాయి." కర్త నీళ్లు, అపాదానం సాగర్, అధికరణం కాలువ. 'పొలాలకు' దగ్గర తొందరపడి సంప్రదానం అనకండి. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. పొలాలు నీళ్లు చేరిన చోటు మాత్రమే.