ఎండకు కాగిన ప్రోబ్

ఘట్‌కేసర్ దగ్గర ఒక బోరులో మాగ్నెటిక్ ససెప్టిబిలిటీ లాగ్ తీస్తున్నాం. అంటే ప్రోబ్ అనే కొలిచే పరికరాన్ని కేబుల్‌తో దింపి, రాయి అయస్కాంతానికి ఎంత స్పందిస్తుందో లోతు వెంట గ్రాఫ్ గీయడం. రాయిలో మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) ఎంతుందో దీన్నిబట్టి అంచనా కట్టొచ్చు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి మన హైదరాబాద్ గ్రానైట్‌లో డోలరైట్ డైక్ (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గోడలా గట్టిపడిన నల్లరాయి) తగిలితే గ్రాఫ్ మామూలుగా ఒక్కసారి లేస్తుంది. ఆ రోజు మాత్రం ప్రోబ్ దింపేటప్పుడు ఒక గీత, పైకి లాగేటప్పుడు ఇంకో గీత. గంటలో రాయి మారదు కదా!

ముందు కేబుల్‌ని అనుమానించాను. కనెక్టర్ విప్పి, తుడిచి, బిగించాను. అదే గోల. పైన 6 మీటర్లు ఇనుప కేసింగ్, అక్కడి రీడింగ్ ఎలాగూ పనికిరాదు. మరి కిందది?

"సార్, చెయ్యి కాలుతోంది" అన్నాడు ప్రోబ్ అందిస్తున్న కుర్రాడు. మే నెల. పొద్దుట్నుంచీ అది జీపు వెనక రేకు మీదే పడుంది. చల్లటి నీళ్లలోకి దిగాక లోపలి కాయిల్స్ చల్లబడుతుంటే రీడింగ్ మొదలయ్యే సున్నా కూడా పక్కకి జరిగిపోతోందన్నమాట.

ప్రోబ్‌ని బోరు నీళ్లలోనే అరగంట వేలాడదీశాం. ఈలోపు రెండు టీలయ్యాయి. తర్వాత పైకి తీసి, తడి గోనెసంచి చుట్టి, జీపుకీ రిగ్గుకీ దూరంగా నీడలో పట్టుకుని సున్నా పెట్టి, వెంటనే దింపాం. చివర్లో మళ్లీ గాల్లో చూస్తే కొద్దిపాటి తేడా వచ్చింది. దాన్ని పట్టిన టైమును బట్టి లాగ్ అంతటా సర్దాను.

ఈసారి రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. 43 మీటర్ల దగ్గర రెండింట్లోనూ ఒకటే గూను. ఆ లోతులో డ్రిల్లింగ్‌కి వచ్చిన రాతి పొడి నల్లగా ఉంది, కాగితం చుట్టిన అయస్కాంతానికి మీసాల్లా అంటుకుంది. బిట్టు అరిగిన ఇనుము కూడా అలాగే అంటుకుంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేదు.